లింగన్న జాగా

ఖతార్ రాజధాని దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక ఇస్త్రీ దుకాణం పైన, మూడో అంతస్తులో మీర్లాండ్ మేడం ఉండేది. గురువారం సాయంత్రాలు మేం నలుగురం అక్కడికి వెళ్ళేవాళ్ళం. మెట్లెక్కుతుంటే కింది నుంచి ఆవిరి వాసన, తడి నూలు వాసన మా వెంట వచ్చేవి. రెండో అంతస్తు దాటాక ఆమె వంటింటి నుంచి వెల్లుల్లి, లవంగం, ఉడుకుతున్న ఎర్ర చిక్కుడు గింజల వాసన ఎదురొచ్చేది. సోఫాలు గోడకు జరిపి, తివాచీ చుట్టేసి, చప్పుడు బయటికి పోకుండా కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్ళం. పక్క ఫ్లాట్ ఈజిప్టు ముసలాయన ఒక్కసారి తలుపు తట్టాడు. గొడవకొచ్చాడనుకున్నాం. ఖర్జూరాల పళ్ళెం చేతికిచ్చి, కూర్చుని, చివరిదాకా విని వెళ్ళాడు.

మేడంది హైతీ. ఇక్కడొక స్కూల్లో సంగీతం టీచరు. హైతీ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది భూకంపం, లేదా సినిమాల్లో సూదులు గుచ్చే బొమ్మలు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఓడల్లో బానిసలుగా తెచ్చిన మనుషులు తిరగబడి, గెలిచి, 1804లో సొంత దేశం నిలబెట్టుకున్నారు. వాళ్ళ డోలు మోగితే యజమానులు వణికారు, డోలును నిషేధించారు. డోలు ఆగలేదు. ఈ కథ చదివి చేతబడి అనుకునేవాళ్ళుంటే ఇక్కడే ఆపెయ్యండి. మేడం చెప్పిన పద్ధతి మమ్మల్ని కాపాడటానికి ఉంది. దాన్ని తెంచింది నేను.

వాళ్ళ ఊళ్ళో ఈస్టరుకు ముందు వారాల్లో జనం వీధుల వెంట నడుస్తూ, ఊదుతూ, ఆడుతూ వెళ్ళే ఊరేగింపు సంగీతం ఉంది. దాని పేరు రారా. మొదటిరోజు ఆ పేరు విని లింగన్న చెప్పులు విడుస్తూ, "వచ్చినం గద మేడం, మళ్ళ పిలుసుడెందుకు," అన్నాడు. మా చెల్లి అపూర్వ అది ఇంగ్లీషులో చెప్పేసరికి మేడం నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది.

ఆ సంగీతం ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది తెలియదు. నాలుగు గొట్టాలు. ఒక్కో గొట్టం ఒకే ఒక్క స్వరం పలుకుతుంది. మొదటిది అపూర్వది, రెండోది నాది, మూడోది లింగన్నది, నాలుగోది తల్హాది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఊదాలి. పాట ఏ ఒక్కరి దగ్గరా ఉండదు, నలుగురి మధ్యలో ఉంటుంది. నాయకుడు లేని సంగీతం, సమష్టి గొంతు, అంటూ నేను ఆ రాత్రే ఒక వ్యాసం రాసి పడేశాను.

అక్కడ వెదురుతో చేస్తారు. దోహాలో వెదురు లేదు కాబట్టి తల్హా నీళ్ళ పైపులు కోసుకొచ్చాడు. తల్హాది నిజామాబాద్. ఏసీ మెకానిక్. కోసిన అంచులు నాలిక్కి తగలకుండా వాటికి సైకిల్ ట్యూబు చుట్టింది కూడా అతనే. ఒక చేత్తో పైపు పట్టుకుని ఊదుతూ, రెండో చేత్తో దాని ఒంటిమీద కర్రతో తాళం కొట్టాలి. మేం పెన్సిళ్ళతో కొట్టేవాళ్ళం. లింగన్న మాత్రం తన సిర్ర తెచ్చుకున్నాడు, డప్పు కొట్టే కర్ర. రెండు గబగబా, ఆగి ఒకటి. టకటక... టక్. కళ్ళు మూసుకున్నా అది లింగన్నే అని తెలిసేది.

లింగన్నది జగిత్యాల దగ్గర పల్లె. నలభై నాలుగేళ్ళు. కట్టడాల మీద షట్టరింగ్ పని. ఎప్పుడూ దగ్గుతుండేవాడు. తల్హా ఇచ్చిన జిందా తిలిస్మాత్ సీసా జేబులోంచి తీసి ఛాతీకి రాసుకునేవాడు. ఆయన కూర్చున్న చోట కర్పూరం కలిసిన ఆ ఘాటు వాసన గంటసేపు ఉండేది. డప్పు వచ్చని తానుండే కూలీల క్యాంపులో ఎవరికీ చెప్పలేదు. మేడం అడిగితే తల దించుకుని చెప్పాడు.

"మా దగ్గర దీన్ని సావుకు గొడ్తరు మేడం. పెండ్లికి గొట్టిచ్చినా దూరం నిలబెడ్తరు."

అపూర్వ అది ఇంగ్లీషులో చెప్పగానే మేడం, "మా డోలునూ దూరం నిలబెట్టారు. ఇవాళ అది లేకుండా మా జెండా ఎగరదు," అంది. లేచి, చెప్పులు విడిచి, ఆయన ఎదురుగా నిలబడింది. కొట్టమని చెయ్యి చూపింది. మోకాలి నొప్పి ఉన్న యాభై ఆరేళ్ళ మనిషి. భుజాలు ముందు కదిలాయి, తర్వాత నడుము, ఆ తర్వాత పాదాలు నేలను రాస్తూ. లింగన్న గంటసేపు ఆపలేదు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఆయన నడక వేరుగా ఉంది.

ఆగస్టులో లింగన్న పోయాడు.

సాయంత్రం పని దిగి క్యాంపుకొచ్చి, నీళ్ళు తాగి పడుకున్నాడు. లేవలేదు. కాగితం మీద సహజ మరణం అని రాశారు. ఆ ఎండ సహజమైతే ఆ చావూ సహజమే. పెట్టె జగిత్యాల వెళ్ళింది. ఊరందరి చావులకూ కొట్టినవాడి చావుకు ఎవరైనా కొట్టారో లేదో మాకు తెలియలేదు. ఆ చావు మీద నేను రాసింది చూసి మా నాన్న రామమోహన్ గారు, అల్ హిలాల్ పేటలో మా ఇంట్లో ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, "ఇవన్నీ నెట్‌లో పెట్టకు నాయనా, మనం బతకడానికొచ్చాం," అన్నారు. ఆయనా బతకడానికే వచ్చాడు అన్నాను. భోజనం మధ్యలో లేచిపోయాను.

ఊరేగింపు తీద్దామన్నది నేనే. దోహా వీధుల్లో అది కుదరదు. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక సముద్రం ఒడ్డున, ఎప్పుడో జనం వదిలేసిన జాలర్ల ఊరొకటి ఉంది. పగడపు రాయి గోడలు, కప్పుల్లేని ఇళ్ళు. నవంబరులో ఒక శుక్రవారం అక్కడికి వెళ్ళి లింగన్న కోసం ఊదుదాం, వీడియో తీసి ప్రపంచం ముందు పెడదాం అన్నాను. మేడం ఒప్పుకుంది. ఒక షరతు మీద.

"మా బృందంలో ఒకరు పోతే, ఏడాది మీద ఒక రోజు వరకు ఆ మనిషి పైపు ఎవరూ ఊదరు. మిగతావాళ్ళం ఊదుతాం. అతని వంతు వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టి ఆగుతాం. ఆ ఖాళీ అతని చోటు. అందులో అతను ఉంటాడు. పైపు మన వెంట రావాలి, మోగకూడదు."

"మోగితే?" అని అపూర్వ అడిగింది.

"నీ కుర్చీలో ఎవరైనా కూర్చుంటే నువ్వేం చేస్తావు? ఇంకో కుర్చీ చూసుకుంటావు."

నేను తలూపాను. అందమైన ప్రతీక అనుకున్నాను. నాకు అప్పట్లో అన్నీ ప్రతీకలే.

ఆ శుక్రవారం మూడింటికి బయల్దేరాం. నేను డ్రైవింగ్, పక్కన మేడం, వెనక అపూర్వ, తల్హా, వాళ్ళ ఒళ్ళో తెల్ల గుడ్డ చుట్టిన లింగన్న పైపు. దారిలో తల్హా భార్య జహనారా నిజామాబాద్ నుంచి ఫోన్ చేసింది. ఏడో నెల. తల్హా స్పీకరులో పెట్టి దక్నీ ఉర్దూలో ఏదో అన్నాడు, ఆమె తిట్టింది.

"ఏమంటోంది?" అన్నాను.

"బిడ్డ తంతున్నదట. గీ బూరలు ఊదుడు ఎప్పుడు బంద్ చేస్తవు, బిడ్డకు నీ గొంతు గుర్తుండాల్నా, పైపు గుర్తుండాల్నా అంటున్నది." తల్హా నవ్వాడు. ఫోను ఒళ్ళో పెట్టి, తన పైపు నోటికి ఆనించి, దాని దగ్గర తన స్వరం ఒక్కటి మెల్లగా ఊదాడు. నాలుగోది. అటు నుంచి జహనారా, మాకూ తెలిసేలా తెలుగులో, "అరె, మళ్ళ తన్నింది," అంది.

ఆ మాట నేను మరిచిపోలేను.

చేరేసరికి నాలుగున్నర. కారు రోడ్డు పక్కన ఆపి వంద గజాలు నడిచాం. ఎండ పచ్చబడి ఉంది. సముద్రం వెనక్కి పోయి బురద మెరుస్తోంది. ఉప్పు వాసన, ఎండిన నాచు వాసన. పగిలిన గోడల మధ్య గాలి కూడా లేదు. దూరంగా, నీటి మీద, తెల్లటి గీతలా పొగమంచు పడి ఉంది.

మేడం మూడుసార్లు నేల మీద నీళ్ళు పోసింది. డోలు భుజానికి తగిలించుకుంది. లింగన్న పైపు గుడ్డలోనే అపూర్వ వీపుకు కట్టాం. ఫోనును ఒక మొండిగోడ మీద నిలబెట్టి వీడియో నొక్కాను.

ఊదాం. అపూర్వ, నేను, ఖాళీ, తల్హా. అపూర్వ, నేను, ఖాళీ, తల్హా. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నలుగురి ఊపిరీ ఒకేసారి ఆగేది. ఊరంతా ఆగినట్టుండేది. తల్హా కళ్ళు తుడుచుకున్నాడు. పావుగంట తర్వాత మేడం మోకాలు పట్టేసింది.

"కారులో కొవ్వొత్తులున్నాయి, తెస్తాను. నేను వచ్చేదాకా ఎవరూ ఊదొద్దు," అంది. డోలు దింపి, కుంటుకుంటూ వెళ్ళింది.

నేను వీడియో చూశాను.

నిజం రాస్తాను. ఆ ఖాళీ వీడియోలో బాగాలేదు. మనిషి లేని చోటులా లేదు. చేతకాని వాళ్ళు తప్పు ఊదినట్టుంది. దీన్ని చూసి లోకం నవ్వుతుందనిపించింది. నాకు కావలసింది పిడికిలి లాంటి పాట. తడబాటు కాదు. కానీ తల్హాతో అది అనలేదు. వేరే మాటలు అన్నాను. అవి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"ఒకరు నేలకొరిగితే ఆ జెండా ఇంకొకరు అందుకోవాలి తల్హా. ఆయన గొంతును ఖాళీగా వదిలేస్తామా? వాళ్ళు చేసింది అదే కదా, ఆయన్ని లేకుండా చేశారు. మనమూ అదే చేద్దామా?"

"మేడం వద్దన్నది గద అన్నా."

"ఆమె పద్ధతిని గౌరవిస్తాను. కానీ ఆయన మనవాడు."

"మరి నా పైపు ఎవరూదాలె?"

"నీది చివరిది. చివర ఖాళీ వస్తే ఊపిరి తీసుకున్నట్టుంటుంది, ఎవరికీ తెలీదు. మధ్యలో ఖాళీయే తప్పులా వినిపిస్తోంది. ఒక్క రెండు నిమిషాలు."

"అన్నయ్యా, వద్దు," అంది అపూర్వ. అంటూనే గుడ్డ ముడి విప్పింది. నేను గొంతు పెంచితే ఇంట్లో కూడా అంతే, వద్దంటూనే చేస్తుంది.

తల్హా తన పైపును మొండిగోడ మీద ఫోను పక్కన పెట్టాడు. లింగన్న పైపు అందుకున్నాడు. "బిస్మిల్లా" అని మెల్లగా అనుకున్నాడు. పైపు మూతి దగ్గర ముక్కు ముడిచాడు.

"ఇంకా వాసనొస్తున్నది అన్నా. తిలిస్మాత్."

ఈలోగా పొగమంచు ఒడ్డు ఎక్కింది. ఎప్పుడు కదిలిందో చూడలేదు. మోకాళ్ళ దాకా వచ్చి, గోడల మధ్య నిండింది. చల్లగా లేదు. నోటి ఆవిరిలా గోరువెచ్చగా ఉంది. పొద్దు మంచు వెనక ఎర్రటి మరకలా మిగిలింది.

నడవడం మొదలుపెట్టాం. అపూర్వ, నేను, తల్హా, ఖాళీ. అపూర్వ, నేను, తల్హా, ఖాళీ. బాగుంది. నేను అనుకున్నట్టే ఉంది. పిడికిలిలా ఉంది. తల్హా ముందు, మేమిద్దరం వెనక. నాలుగో చుట్టో, ఐదో చుట్టో... అపూర్వ, నేను, తల్హా...

నాలుగో స్వరం మోగింది.

ముందు నుంచి. మంచులోంచి. తల్హా స్వరం. మెల్లగా, సరిగ్గా తన వంతుకు.

ప్రతిధ్వని అనుకున్నాను. గోడలు ఉన్నాయి కదా. ఇంకో చుట్టు ఊదాం. అపూర్వ, నేను, తల్హా... మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెంట చిన్న చప్పుడు. పైపు మీద కర్ర చప్పుడు.

టకటక... టక్.

వెనక్కి తిరిగి చూశాను. మొండిగోడ మీద ఫోను ఒక్కటే ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

అపూర్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె పైపు కింద పడింది. నేనూ ఆపేశాను. పాట ఆగిపోవాలి. నలుగురిలో ఇద్దరం ఆపేస్తే పాట ఎక్కడుంటుంది?

ఆగలేదు.

మా రెండు చోట్లూ ఖాళీ... తర్వాత మూడోది, తల్హా నోటి నుంచి... తర్వాత నాలుగోది, మంచులోంచి. మళ్ళీ మా రెండు ఖాళీలు. మూడు. నాలుగు. టకటక... టక్. తల్హా నడుస్తూనే ఉన్నాడు. ఇళ్ళు దాటాడు. కాళ్ళ కింద బురద చప్పుడు మొదలైంది.

"తల్హా, ఆపు."

ఆపలేదు.

"తల్హా."

కర్పూరం వాసన కమ్మింది. దాని వెనక ఇంకో వాసన... తడి సిమెంటు, ఎండకు కాలిన ఇనుము, రోజంతా తీయని హెల్మెట్ లోపలి చెమట. సముద్రం వాసన లేకుండా పోయింది.

వెనక నుంచి మేడం వచ్చింది. చేతిలో కొవ్వొత్తులు. ఆమె పరుగెత్తగలదని నాకు తెలీదు. మమ్మల్నిద్దర్నీ చూసింది, చెవి పెట్టి వింది. ఆమె ముఖంలో రంగు మారడం మంచులో కూడా కనిపించింది.

"అతను ఎవరి పైపు ఊదుతున్నాడు?" గుసగుసగా అడిగింది.

నేను అపూర్వ వైపు చూశాను.

"ఎవరిది?"

"లింగన్నది," అంది అపూర్వ.

మేడం కొవ్వొత్తులు వదిలేసింది. "తీసుకో. మెల్లగా తీసుకుని, ఇక్కడికి తీసుకురా. మోగకుండా తీసుకురా. విసరకు. విన్నావా, విసరకు."

పరుగెత్తాను. నీళ్ళు పాదాలకు, పిక్కలకు, మోకాళ్ళకు. తల్హా నడుముదాకా నీళ్ళలో ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా లోపల ఒళ్ళు ఏసీ గొట్టంలా చల్లగా ఉంది. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తూనే ఉన్నాయి. బుగ్గలు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

పైపు పట్టుకుని లాగాను. రాలేదు.

"తల్హా, జహనారా కోసం... వదులు."

ఆ పేరుకు ఒక్క క్షణం పెదాలు వదిలాయి. మూతి చుట్టూ గుండ్రంగా నల్లటి గుర్తు. చిన్నపిల్లాడిలా గుసగుసలాడాడు.

"అన్నా... నా జాగల ఎవరో ఉన్నరు."

మళ్ళీ పెదాలు పైపుకు అంటుకున్నాయి. మూడో స్వరం. దానికి జవాబుగా నాలుగోది... నా వెనక నుంచి. నా మెడ వెనక నుంచి. ఆ ఊపిరి నా చెవికి తగిలింది. గోరువెచ్చగా.

మేడం మాట నాకు గుర్తు లేదు. గుర్తుందేమో. రెండు చేతులతో గుంజి, ఆ పైపును బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరేశాను.

నాలుగో స్వరం ఆగిపోయింది.

తల్హా నా మీద పడ్డాడు. బరువుగా, వేడిగా. ఊపిరి ఆడుతోంది. నేను ఏడ్చాను, నవ్వాను. ఈడ్చుకుంటూ ఒడ్డుకు తెచ్చాను. అపూర్వ అతని చేతులు రుద్దుతోంది. మేడం అతన్ని చూడటం లేదు. నీళ్ళ వైపు చూస్తోంది. వేలు పెదాల మీద పెట్టింది.

దూరంగా, నా విసురుకు అందనంత దూరం నుంచి, మూడో స్వరం వినిపించింది.

ఖాళీ... ఖాళీ... ఖాళీ... మళ్ళీ మూడో స్వరం. ఇంకా దూరంగా. అది ఊదే మనిషి వెనక్కి వెనక్కి నడుస్తున్నట్టు.

మేడం బురదలో కూలబడింది. చాలాసేపటికి నా వైపు తిరిగింది.

"నువ్వు ఎవర్ని బయటికి లాగావు?"

ఆసుపత్రిలో తల్హాకు అన్ని పరీక్షలూ చేశారు. ఏమీ లేదన్నారు. మూడోరోజు డ్యూటీకి కూడా వెళ్ళాడు. నేను హేతువాదిని. ఇలాంటివి నమ్మకూడదని ఎన్నో సభల్లో చెప్పినవాణ్ణి. షాకు అనుకున్నాను. వారం తర్వాత టీ కొట్టు దగ్గర కలుద్దామన్నాను. కరక్ చాయ్ తెచ్చి ఎదురుగా పెట్టాను. తల్హా ఎప్పుడూ రెండు గుక్కల్లో తాగేస్తాడు. ఇతను గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యమధ్య దగ్గుతున్నాడు. చూపుడు వేలు గ్లాసు మీద కదులుతోంది. రెండు గబగబా. ఆగి ఒకటి.

"తల్హా," అన్నాను.

తల ఎత్తలేదు.

"సారూ," అన్నాడు. తల్హా నన్ను సారూ అని ఎప్పుడూ పిలవలేదు. "నేను ఇంటికి ఫోన్ జేసిన సారూ. నా బిడ్డ ఎత్తింది. గొంతు గుర్తువట్టలే. రాంగ్ నంబర్ అని పెట్టేసింది."

మాట్లాడితే అది నిజమవుతుందనిపించింది.

"నేను ఎవ్వరి జాగ గుంజుకోలే. నా జాగల నేను మంచిగనే నిలబడ్డ. మీరు ఊదుతుంటే ఇంటుంటి. ఆ పోరడు వచ్చి నా జాగల నిలబడ్డడు. ఖాళీ ఏడుంటే ఆడికి పోయిన." కళ్ళు తుడుచుకున్నాడు, తల్హా చేతులతో. "గీ పిలగాని ఇంటామె రోజు ఫోన్ జేస్తది. ఏమనాలె సారూ?"

మేడం దగ్గరికి పరుగెత్తాను. తలుపు సగమే తెరిచింది. ఆ గదిలో ఇక ఎవరూ ఊదటం లేదు. తివాచీ పరిచి ఉంది.

"ఒక్కటే దారి," అంది. "ఇప్పుడు నాలుగో చోటు తల్హాది, అతను వెనక్కి రావలసిన తలుపు అది. ఏడాది మీద ఒక రోజు దాన్ని ఖాళీగా ఉంచండి. ఆ స్వరం ఎవరూ ఊదకూడదు, ఎవరూ పాడకూడదు. అప్పుడు ఒడ్డుకు వెళ్ళి పిలుద్దాం. ఇద్దరూ ఎవరి చోటికి వాళ్ళు వెళ్తారు. ఈసారైనా ఖాళీని ఖాళీగా వదలగలవా?"

వదులుతానన్నాను. నా పైపు విరగ్గొట్టాను, అపూర్వది విరగ్గొట్టాను. వీడియో చెరిపేశాను. వ్యాసాలు రాయడం మానేశాను. గోడ మీద కాగితం అంటించి రోజులు కొట్టేస్తున్నాను. నినాదం అన్నది నా నోటికి రావడం లేదు. ప్రతి శుక్రవారం ఆ ఒడ్డుకు వెళ్ళి, నోరు మూసుకుని కూర్చుని వస్తాను. కొన్నిసార్లు చాలా దూరం నుంచి అది వినిపిస్తుంది. ఒక స్వరం. మూడు ఖాళీలు. ఒక స్వరం. తల్హా వేచి ఉన్నాడు. పాట మరిచిపోకుండా తన లెక్క తప్పకుండా వేచి ఉన్నాడు.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. మరీహా అని పేరు పెట్టారు.

నిన్న సాయంత్రం జహనారా నాకు ఫోన్ చేసింది. నాతో ఆమె తెలుగులోనే మాట్లాడుతుంది.

"భాయ్, ఆయన తలకు దెబ్బ గిట్ల తాకిందా? నిజం చెప్పుండ్రి."

"లేదమ్మా."

"మా ఇంట్ల అందరం ఉర్దూనే మాట్లాడుకుంటం. ఆయన ఒక్క ముక్క అంటలేడు. అన్నీ తెలుగే. మొన్న నన్ను చెల్లె అన్నడు భాయ్. చెల్లె అన్నడు." తలుపు మూసిన చప్పుడు. "పాపను వీడియోల చూపిస్తే ఏడుస్తడు. పాప గూడ ఆయన మొకం చూస్తే గుక్కపట్టి ఏడుస్తది."

ఓదార్చడానికి ఏదో అన్నాను. నవంబరుదాకా ఓపిక పట్టమన్నాను. ఎందుకు నవంబరు అని ఆమె అడగలేదు.

"ఒక్కటి మాత్రం మంచిగున్నది," అంది. గొంతు కొంచెం తేలికైంది. "ఆయన పాత నంబరు నుంచి రోజూ పొద్దుగూకంగ, మగ్రిబ్ అప్పుడు ఫోన్ జేస్తడు గద."

"పాత నంబరా?"

ఆ ఫోను తల్హా జేబులో ఉండేది. ఆ రోజు నీళ్ళలో పోయింది. కొత్త నంబరు తీసుకుని ఇప్పటికి మూడు నెలలు.

"అవును. మాట్లాడడు. ఊరికె ఆ పైపు ఊదుతడు. ఒక్కసారి ఊది, శానాసేపు ఆగి, మళ్ళ ఊదుతడు. కొత్త నంబరుల అడిగితే నేను కాదు చెల్లె అంటడు. కానీ పాప గది ఇంటేనే ఏడుపు బంద్ చేస్తది. కడుపుల ఉన్నప్పుడు అలవాటైంది గద." ఆగింది. "ఇగో, ఇప్పుడే వస్తున్నది. ఇంకో ఫోనుల. వినుండ్రి."

ఏదో కదిలిన చప్పుడు. తర్వాత, నీళ్ళ కింది నుంచి వచ్చినట్టు, మూడో స్వరం.

నేను ఊపిరి బిగపట్టాను. అలవాటు. ఇప్పుడు నాలుగోది, ఖాళీ. తర్వాత అపూర్వది, ఖాళీ. తర్వాత నాది, ఖాళీ. మళ్ళీ మూడో స్వరం వచ్చింది. ఈసారి దగ్గరగా. తొందరగా ఊదినట్టు.

నాలుగో చోటు వచ్చింది.

ఆ చోట పాప పలికింది.

నలభై రోజుల బిడ్డ. ఏడుపు కాదు. ఒక్కటే స్వరం, సన్నగా, నిటారుగా, సరిగ్గా తండ్రి వంతులో, అతను వెనక్కి రావలసిన తలుపులో. అటువైపు మూడో స్వరం ఆగిపోయింది.

"జహనారా, ఆ ఫోను పాప దగ్గర్నుంచి తీసెయ్. ఇప్పుడే."

"ఎందుకు భాయ్?" అంది. "నవ్వుతున్నది."